ఆటవిడుపు

పని చేయువానికి విశ్రాంతి యెంత యవసరమో, ఆ విశ్రాంతిని సద్వినియోగము చేసికొను నేర్పును అంతే యవసరము. ఆదివారపు సెలవు మనకు సహజముగా లభించినట్లు తోచును. కాని మన దేశమున మిల్లు కార్మికులు దానిని పోరాడి సాధించుకొనిరి. బొంబాయి నూలుమిల్లుల కార్మికుల పక్షమున నారాయణ్ మేఘాజీ లోఖండే యేండ్ల తరబడి కృషి చేయగా, 1890వ సంవత్సరమున యజమానులు వారమునకొక దినము సెలవొసగుటకు అంగీకరించిరి. అట్టి దినమును సోమరితనముతో గడపుట తగునా?

ఇటలీ దేశమున మిలాన్ అను మహానగరము కలదు. అచ్చటి శాన్ సిరో క్రీడారంగము 1926లో ప్రారంభమైనది. ఫుట్‌బాల్ పందెములు చూచుటకు అచ్చటికి వేలకొలది జనులు పోవుదురు. మరికొందరు, ఒకప్పుడు సరకుల పడవలు నడచిన పాత కాలువల గట్ల వెంట సాయంకాలము షికారు చేయుదురు. మన ఏలూరు కాలువలోను పూర్వము పడవలు నడచెడివి. చల్లనిగాలికి కాలువగట్టున నడచు సుఖము మనకును అందుబాటులోనిదే.

ఇక ఆటల విషయము. చెడుగుడుకు బంతి వలదు, బల్ల వలదు. చదునైన నేల చాలును. కూతకు పోయినవాడు ఒక్క ఊపిరితో, కూత విడువక, ఎదిరిపక్షమువారిని తాకి గీత దాటి తిరిగి రావలెను. దేహబలముతోపాటు సమయస్ఫూర్తియు, తోడివారి సహకారమును దీనికి కావలెను. మన పల్లెల ఈ ఆట కబడ్డీ పేరున 1990లో బీజింగు ఆసియా క్రీడలలో స్థానము పొందినది. అందు స్వర్ణపతకము మన దేశమునకే లభించినది.

విహారమునకు భీమడోలుకు దక్షిణమున కొల్లేరు కలదు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరుల నీరు దీనిలో చేరి, ఉప్పుటేరు మార్గమున సముద్రమున కలియును. శీతకాలమున దూరదేశముల పక్షులు ఇచ్చటికి వచ్చును. కైకలూరు చేరువనున్న ఆటపాకలో గూడబాతులు చెట్లమీదను, అటవీశాఖవారు నిలిపిన ఇనుపమంచెలమీదను గూళ్లు కట్టుకొని పిల్లలను సాకును. ముక్కు క్రిందనున్న సంచితో అవి చేపలను పట్టు విధము చూడముచ్చటగా నుండును.

అయితే ఈ సరస్సునకు ఆపద రాకపోలేదు. చేపలచెరువులు పలువురకు జీవనోపాధి కల్పించినను, వాని గట్లు సరస్సును ఆక్రమించెను. ప్రభుత్వము 1999లో కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించినది. 2002లో రామ్‌సార్ ఒడంబడిక క్రింద దానికి అంతర్జాతీయ గుర్తింపు వచ్చినది. 2006లో పెక్కు చెరువుల గట్లను తొలగించిరి. నేటికిని దానిని కాపాడు బాధ్యత తీరలేదు.

విద్యార్థులారా! కొల్లేరు మనకు విహారస్థలము, పక్షులకది నివాసము. పరుల యింటికి పోయిన అతిథి అల్లరి చేయునా? అచ్చట కేకలు వేయకుడు, రాళ్లు రువ్వకుడు, చెత్త పారవేయకుడు. మన వినోదము ఇతరప్రాణులకు బాధ కలిగింపనపుడే అది నిజమైన ఆటవిడుపు.

ప్రశ్నలు

1. ఆదివారపు సెలవు కార్మికులకు ఎట్లు లభించెను?
2. చెడుగుడు ఆటకు ఏ గుణములు కావలెను?
3. మీ యూరి విహారస్థలమును గూర్చి పది వాక్యములు వ్రాయుడు.