నయీముద్దీన్: ముందు ద్రోణాచార్య, తర్వాత అర్జున

1944లో హైదరాబాద్‌లో పుట్టిన సయ్యద్ నయీముద్దీన్ డిఫెండర్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో రాటుదేలి, కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్‌లకు ఆడారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం నెగ్గిన భారత జట్టుకు కెప్టెన్ ఆయనే. పురుషుల ఫుట్‌బాల్‌లో ఆ క్రీడల పతకం మనకు మళ్లీ దక్కలేదు.

తర్వాత కోచ్‌గా ఈస్ట్ బెంగాల్‌నూ, జాతీయ జట్టునూ నడిపారు. పోటీ పరీక్షల అభ్యర్థులు తడబడేది అవార్డుల దగ్గరే: శిక్షకులకిచ్చే ద్రోణాచార్య 1990లో వస్తే, ఆటగాళ్లకిచ్చే అర్జున 1997లో వచ్చింది. ఆడిన రోజులను ప్రభుత్వం అంత ఆలస్యంగా గుర్తించడం విడ్డూరమే.

ఆయన్ను మరో ఫుట్‌బాల్ కోచ్ ఎస్.ఎ. రహీంతో కలిపేయకండి. 1951, 1962 ఆసియా స్వర్ణాలు రహీం శిక్షణలోవి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, నాలుగో స్థానంలో నిలిచిన జట్టూ ఆయనదే.