పాత హీరో, కొత్త చందా

ప్రశ్న: చిన్నప్పుడు మెగా మ్యాన్ వీడియో గేమ్ తెగ ఆడేవాణ్ణి. అలాంటి ఆటలను మళ్లీ తెస్తామంటూ అభిమానుల దగ్గర చందాలు పోగుచేసే ప్రాజెక్టులు ఎందుకు నిరాశపరుస్తాయి? డబ్బు కట్టవచ్చా?

జవాబు: అన్నీ నిరాశపరచవు. కానీ ‘మైటీ నంబర్ 9’ మిగిల్చిన చేదు అంత తేలిగ్గా పోదు. మెగా మ్యాన్‌తో పేరు ముడిపడిన కెయిజి ఇనాఫునే 2013లో ఈ ఆట కోసం చందాల వెబ్‌సైటు కిక్‌స్టార్టర్‌లో 9 లక్షల డాలర్లు అడిగితే 38 లక్షలు దాటి వచ్చాయి. చిక్కు అక్కడే మొదలైంది. చందా పెరిగినకొద్దీ వాగ్దానాలూ పెరిగాయి: ఇంకో మోడ్, ఇంకో కన్సోల్. ఒక్కో కన్సోల్ సామర్థ్యం వేరు, ప్రతిదానికీ ఆటను విడిగా సర్ది పరీక్షించాలి. వాయిదాల మీద వాయిదాలు పడి 2016 జూన్‌లో వచ్చిన ఆట చప్పగా ఉంది. పేలుళ్లు పిజ్జాల్లా ఉన్నాయని అభిమానులే నవ్వుకున్నారు.

అలాగే చందాలతో తయారైన ‘షవెల్ నైట్’ ఆట బృందం కూడా అదనపు హామీలు బాగానే ఇచ్చింది. అయితే అసలు ఆటను 2014లోనే చేతికిచ్చి, మిగతావి 2019 దాకా ఉచితంగా చేరుస్తూ పోయింది. నాకు నచ్చిన పద్ధతి ఇదే. చందాలతోనే వచ్చిన ‘బ్లడ్‌స్టెయిన్డ్’ కూడా ఆలస్యమైంది. కానీ గ్రాఫిక్స్‌పై విమర్శలొస్తే దిద్దుకుని 2019లో బాగానే వచ్చింది.

కిక్‌స్టార్టర్ దుకాణం కాదు, ఆట వస్తుందన్న పూచీ లేదు. డెమో ఆడి చూడండి. పెద్దాయన పేరు, పాత సంగీతం తప్ప చూపించడానికేమీ లేకపోతే, విడుదలయ్యాక కొనుక్కోండి.