రోడ్డు ఏ శాఖది, బండి ఏ శాఖది?

జగిత్యాల నుంచి కోరుట్ల వెళ్లే దారి 63వ జాతీయ రహదారి. జాతీయ రహదారులు రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో 23వ అంశం. మిగతా రోడ్లు, వంతెనలు రాష్ట్ర జాబితాలో 13వ అంశం. ప్రధాన రోడ్లను రోడ్లు భవనాల శాఖ చూస్తే, పల్లె రోడ్లను పంచాయతీరాజ్ ఇంజినీర్లు చూస్తారు.

పరీక్షల్లో అభ్యర్థులు తడబడేది వాహనాల దగ్గర. మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలో 35వ అంశం. అందుకే 1988 మోటారు వాహనాల చట్టం పార్లమెంటు చేసింది, లైసెన్సు, రిజిస్ట్రేషన్ మాత్రం రాష్ట్ర రవాణా శాఖ ఇస్తుంది. ఈ తేడా గట్టిగా పట్టుకోండి. రిజిస్ట్రేషన్ రాష్ట్రానిదే అనడానికి నంబరు ప్లేటుపై కోడ్ చూడండి: జగిత్యాల జిల్లాకు 21, అందులోని కోరుట్లకూ అదే, రాజన్న సిరిసిల్లకు 23. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు రాష్ట్ర కోడ్‌గా టీఎస్ పోయి టీజీ వచ్చింది. బస్సులు నడిపే ఆర్టీసీకి ఆధారం 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం.