పైరులలో వైవిధ్యము

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రాజమార్గమున సూర్యాపేట దాటి కోదాడ వైపు సాగు బాటసారికి వర్షకాలమున వరిచేలు కనుల పండువుగా కానవచ్చును. మిర్యాలగూడ వైపు మరలినచో ఆ పచ్చదనము మరింత దట్టమగును. ఆ పట్టణము బియ్యపు మిల్లులకు పేరు వడసినది. చుట్టుప్రక్కల పల్లెలలో పండిన ధాన్యము అచ్చట బియ్యమై దూరదేశములకు సయితము పోవుచుండును.

ఈ సీమ ఎల్లకాలమును ఇట్లే యుండలేదు. పూర్వము చెరువుల క్రిందను, బావుల క్రిందను మాత్రమే వరి పండెడిది. తక్కిన చెల్క నేలలలో జొన్న, సజ్జ, కంది, పెసర, నువ్వు, ఆముదము మొదలగు మెట్టపైరులు వేసెడివారు. 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967లో కాలువలకు నీరు విడువబడెను. ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములు వరిసీమలైనవి. సూర్యాపేట చెంత మూసీనదిపై కట్టిన జలాశయము 1963లో పూర్తియై మరికొన్ని పల్లెలకు నీరందించెను. నీరు వచ్చినది, ధాన్యము పెరిగినది, పస్తులు తగ్గినవి. ఇది చిన్న మేలు కాదు.

అయినను ఈ మేలుతో పాటు ఒక మార్పు కూడ వచ్చినది. పలు పైరులున్న చోట ఒకే పైరు నిలిచినది. పలు వరి రకములున్న చోట మిల్లులు మెచ్చునవి, సంతలో ధర పలుకునవి మాత్రమే మిగిలినవి. పైరులలోను, వానిని ఆశ్రయించిన జీవులలోను గల నానావిధత్వమునకే జీవవైవిధ్యమని పేరు. అది తగ్గినచో వచ్చు ముప్పేమి?

పూర్వపు మెట్టచేనిని గమనింపుడు. జొన్న సాళ్ళ నడుమ కంది సాళ్ళు వేయుట ఆనాటి రైతుల వాడుక. జొన్న ముందుగా కోతకు వచ్చును. కంది తరువాత కాయును. జొన్న వేళ్ళు పైపొరలలో వ్యాపించును. కంది తల్లివేరు లోతుకు దిగి అడుగు తేమను అందుకొనును. కంది వేరుబుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్కకిచ్చును. ఆకులు రాలి, వేళ్ళు కుళ్ళి, అందు కొంత నేలకు చేరును. వాన ముందుగా వెనుదీసి ఒక పైరు చెడినను రెండవది కొంతయైన చేతికి వచ్చును. తినుటకు జొన్నరొట్టె, దానికి తోడు కందిపప్పు, పశువులకు చొప్ప, పొయ్యిలోనికి కందికంప - అన్నియు ఆ చేనినుండియే లభించెడివి.

ఒకే రకము వరి విశాల ప్రదేశమున వ్యాపించినపుడు ఈ రక్షణ యుండదు. ఒక మొక్కకు సోకగల తెగులు ప్రక్క మొక్కకును సోకగలదు. ఒక పొలము లొంగినచో ఊరంతయు లొంగును. ఇందులకు సాంబ మసూరి చరిత్రమే తార్కాణము. బాపట్ల పరిశోధన కేంద్రమున రూపొంది, 1986లో విడుదలయిన ఈ సన్నరకమును రైతులు ‘బీపీటీ’ యని పిలుతురు. దీని పుట్టుకయే వైవిధ్యమునకు నిదర్శనము. తమిళ దేశపు జీ.ఇ.బి. 24, తైవాను దేశపు పొట్టి వరి, మలేషియాలో పుట్టిన మసూరి - ఈ మూటి కలయికచే ఇది జన్మించినది. అన్నము రుచికరము, గింజ సన్నము, ధర మెండు. కావున తెలుగునాట ఇది మిక్కిలి వ్యాపించెను. కాని బాక్టీరియా వలన కలుగు ఆకు ఎండు తెగులునకు ఇది తట్టుకొనజాలదు.

ఈ లోపమును తీర్చుటకు హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులును, కణ, అణుజీవశాస్త్ర కేంద్రపు శాస్త్రజ్ఞులును కలిసి పనిచేసిరి. తెగులును నిరోధించు మూడు జన్యువులను సాంబ మసూరిలోనికి తెచ్చి, 2008లో మెరుగుపరచిన రకమును అందించిరి. ఆ మూటిలో ఒకటి ఎచ్చటనుండి వచ్చినదో ఎరుగుదురా? ఆఫ్రికా ఖండమున మాలి దేశపు అడవి వరినుండి! ఎవరును విత్తక, ఎవరును కోయక పెరిగిన ఒక గడ్డిజాతి మన యన్నమునకు కావలియైనది.

అట్టిదే మరియొక ఉదంతము కలదు. 1970 దశకమున ఆసియా దేశములలో వరిదుబ్బులను గిడసబార్చు ఒక వైరస్ తెగులు చెలరేగెను. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆరువేలకు పైగా వరి నమూనాలను పరీక్షింపగా, ఆ తెగులును తట్టుకొనునది ఒక్కటే దొరికెను. అది ఉత్తరప్రదేశమున సేకరించిన అడవి వరి. ఆ యొక్క నమూనా ముందే నశించియున్నచో ఏమి జరిగియుండెడిదో ఊహింపుడు.

ఆ వైరసును మోయునది సుడిదోమ. సుడులు సుడులుగా పైరును ఎండించుటచే దీనికా పేరు కలిగినది. పొలములోని సాలెపురుగులు, తూనీగలు, మిరిడ్ నల్లులు ఈ దోమను భక్షించి రైతునకు కూలి లేని సేవకులై యుండును. విచక్షణ లేక పురుగుమందు చల్లినచో ముందు ఈ మిత్రులే చత్తురు. దోమ మరల విజృంభించును. ఇండోనేషియాలో ఇట్టి విపత్తు సంభవింపగా 1986లో ఆ ప్రభుత్వము 57 పురుగుమందులను వరిపై వాడరాదని నిషేధించెను. మనకడ వ్యవసాయ శాస్త్రజ్ఞులు ప్రతి రెండు మీటర్లకు ఇరువది సెంటీమీటర్ల కాలిబాట విడువుడని, నత్రజని మితముగా వేయుడని చెప్పుదురు. గాలి వెలుతురు సోకిన పొలమున దోమ నిలువజాలదు.

అట్లని రైతులందరును వరి మాని జొన్న విత్తవలెనని కాదు. కాలువ నీరు వరదానము, వరి జీవనాధారము. ధర పలుకని పంట వేయుమని అప్పులలోనున్న రైతునకు చెప్పుట న్యాయమును కాదు. కాని చేయదగిన పనులు కలవు. గట్లపై కంది వేయవచ్చును. నాటునకు ముందు జీలుగయో, జనుమో చల్లి కలియదున్నవచ్చును. ఏసంగిలో నీరు చాలనియెడల పెసర, మినుము, నువ్వు వేయవచ్చును. ప్రజలు జొన్న, సజ్జ, పప్పుధాన్యములను ఆదరించి కొన్నచో రైతు వానిని ఆదరించి పండించును. పొలములోని వైవిధ్యమునకు భోజనపు పళ్ళెము కూడ బాధ్యత వహించును.

విత్తనములను కాపాడువారు పెక్కురు కలరు. పటాన్‌చెరులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ మున్నగువాని నమూనాలను లక్షకు పైగా శీతల గదులలో భద్రపరచినది. జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళలు పాతపంటల విత్తులను తమ యిండ్లలోనే బూడిదయు, వేపాకును కలిపి దాచుదురు. ఏటేట ఎడ్లబండ్లపై పాతపంటల జాతర జరుపుదురు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి లభించెను. శీతల గది విత్తును భద్రపరచును; పొలము దానికి మారుచున్న వానలను, ఎండలను ఓర్చుట నేర్పును. రెండును కావలసినవే.

నేడు పనికిరానిదని పారవేసిన విత్తు రేపటి తెగులునకు మందు కావచ్చును. ఒకసారి నశించిన విత్తును ఏ ధనము పెట్టియు మరల కొనజాలము. కావున వైవిధ్యమును కాపాడుట పూర్వులపై మక్కువ మాత్రమే కాదు, రాబోవువారి అన్నమునకు పూచీ.

ప్రశ్నలు

1. జొన్న, కంది కలిపి వేయుటవలన రైతునకు కలుగు లాభములెవ్వి?
2. సాంబ మసూరికి అడవి వరి ఎట్లు తోడ్పడినది?
3. సుడిదోమను అదుపులో నుంచుటకు మార్గములెవ్వి?
4. మీ యూరి పెద్దల నడిగి, పూర్వము పండి నేడు కానరాని పంటల పేర్లు వ్రాయుడు.