దీపాలకు వేరే కరెంటు

చిరాగ్‌పల్లి

అల్లుడా,

నువ్వు పంపిన బొమ్మ రైలు వీడియో నాలుగుసార్లు చూసిన. ప్లైవుడ్ మీద జహీరాబాద్ స్టేషన్ బాగనే లేచింది. వేపచెట్టుకు కొబ్బరి పీచు వాడినవని మీ అత్తే పట్టేసింది. కానీ నువ్వు రైలు దారి మళ్లించే పాయింటు మార్చే జాగల ఆపి, మళ్లీ చూడు. మీట నొక్కంగనే స్టేషన్ దీపాలన్నీ ఒక్క రెప్పపాటు మసకబారినయి, ఇంజను తడబడ్డది. ఏ అడాప్టర్ కొనాలని అడిగినవ్ గని, అది తర్వాతి ముచ్చట. రైలు నడిపే కంట్రోలర్ నుంచే దీపాలకు, సిగ్నళ్లకు, పాయింట్లకు అన్నిటికీ తీగలు లాగినవ్.

నేను రైల్వే సిగ్నల్ పనిలో ఉన్నన్ని ఏండ్లు ఇట్లాంటిది చూడలేదు. ఇంజనుకు పైతీగలో 25,000 వోల్టుల ఏసీ. పాయింటు మెషిన్‌కు 110 వోల్టుల డీసీ. రిలేలకు 24. ఎవరి మేత వాళ్లదే. పైతీగలో కరెంటు పోయినా సిగ్నల్ దీపం ఆరొద్దు. నీ బల్ల మీద కూడా కంట్రోలర్‌ను పట్టాలకే వదిలెయ్.

దీపాలకు 12 వోల్టుల డీసీ అడాప్టర్ ఒకటి తెచ్చుకో. ఎన్ని ఆంపియర్లదంటే, ఒక్కో ఎల్‌ఈడీకి 10 మిల్లీఆంపియర్లు వేసుకో. నీవి 40 ఉన్నా అర ఆంపియర్ లోపలే. 2 ఆంపియర్లది చాలు, రేపు ఇంకో ఊరు కట్టినా సరిపోతది. కోఠి గుజరాతీ గల్లీకి పోతే 5 ఆంపియర్లది తీసుకొమ్మంటరు. దానితో దీపం కాలిపోదు. చెరువు నిండున్నా బిందె పట్టినంతే కదా మనం తెచ్చేది. కాల్చేది వోల్టు. కానీ పెద్ద అడాప్టర్‌తో వేరే చిక్కుంది. వెంట్రుకంత తీగ ఎక్కడన్న షార్ట్ అయితే, అది మామూలు లోడే అనుకొని ఇస్తనే ఉంటది. తీగ ఎర్రబడి, నీ థర్మాకోల్ కొండ అంటుకుంటది. అందుకే ఏది కొన్నా ఒక్కో లైనుకు 1 ఆంపియర్ ఫ్యూజు పెట్టు. బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు లేని అడాప్టర్ ముట్టకు. 230 వోల్టులు బల్ల కిందికి రానే రావొద్దు, గోడ దగ్గరే ఆగాలె.

వోల్టు సంగతి నాకు దెబ్బ తగిలితేనే తెలిసింది. పాత టేప్‌రికార్డర్ ట్రాన్స్‌ఫార్మర్ మీద 12 అని రాసి ఉంటే నమ్మిన. డయోడ్ల బ్రిడ్జి, కెపాసిటర్ పెట్టి చిన్న బల్బుల లైనుకు కలిపిన. 12 ఏసీని 1.41తో గుణించి, డయోడ్లు మింగిన ఒకటిన్నర తీసేస్తే 15కు పైనే డీసీ. లోడు తక్కువైతే ఇంకా పైకి పోతది. నా బల్బులు ఆ రాత్రి తెల్లగ వెలిగి, ఒక్కొక్కటే నల్లబడ్డయి. వెలుగు బాగొచ్చిందని అప్పుడు మురిసిన కూడా.

ఎల్‌ఈడీలకు దేని రెసిస్టర్ దానికే పెట్టు, పదింటికి కలిపి ఒకటి పెట్టకు. ఎర్రది 2 వోల్టులు తింటది, మిగిలిన 10కి 1 కిలోఓం. తెల్లదానికి అంతే పెడితే స్టేషన్ పెండ్లి పందిరి లెక్క కనిపిస్తది. 2.2 పెట్టి చూడు, ఇంకా మెరిస్తే 4.7.

ఇగ పాయింటు. నీది కాయిల్‌ది, రెప్పపాటులో రెండు మూడు ఆంపియర్లు గుంజుతది. దీపాలు మసకబారింది అందుకే. దానికి వేరే సప్లై ఇచ్చి, నడుమ కెపాసిటర్ డిశ్చార్జ్ యూనిట్ పెట్టు. బుక్కిట నీళ్లు నింపుకొని ఒక్కసారి ఊసినట్టు పని చేస్తది. మీట ఇరుక్కుపోయినా కాయిల్ కాలదు, ఎందుకంటే ఊసిన తర్వాత నోట్లో ఏమీ ఉండదు.

సెలవులకు వస్తే ఒకసారి పుణే పోదాం. 1998లో తెరిచిన జోషి గారి మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది అక్కడ. రైళ్లతో పాటు సర్కస్, రోప్‌వే, వీధి దీపాలు కూడా నడుస్తయట. మన ఊరి ముందు పోయే 65వ నంబరు రోడ్డే పుణే దాక పోతది, బస్సు మారే పని లేదు.

మీ అమ్మతో నా మల్టీమీటర్ పంపుతున్న. ఏ అడాప్టర్ తెచ్చినా ముందు దాంతో వోల్టు, ప్లస్ మైనస్ చూసినంకనే తీగ కలుపు. ఎర్ర లీడు మొదట్ల తెగితే సోల్డర్ చేసిన, దాన్ని పట్టి గుంజకు.

మీ మామ