కంపెనీల సామాజిక బాధ్యత – గ్రామ పంచాయతీల కర్తవ్యము

పల్నాటి నేలలో సున్నపురాయి సమృద్ధిగా నుండుట వలన ఇచ్చట సిమెంటు పరిశ్రమ వెలసినది. మాచర్లలో కె.సి.పి. కర్మాగారము 1958లో ఉత్పత్తి ప్రారంభించినది. అటుపిమ్మట గురజాల ప్రాంతమున మరికొన్ని కర్మాగారములు నెలకొన్నవి. రాయి ఊరిది, దుమ్ము ఊరిది, లారీలు నలుగగొట్టిన బాట ఊరిది. మరి లాభములో ఊరికి పాలు కలదా అను ప్రశ్న గ్రామసభలలో పుట్టుట సహజము.

2013 నాటి కంపెనీల చట్టములోని 135వ సెక్షను దీనికి కొంతవరకు సమాధానమిచ్చినది. ఇది 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆ చట్టము ప్రకారము 500 కోట్ల రూపాయల నికర ఆస్తి గాని, 1,000 కోట్ల వార్షిక వ్యాపారము గాని, 5 కోట్ల నికర లాభము గాని కలిగిన కంపెనీ, గడచిన మూడు సంవత్సరముల సగటు నికర లాభములో కనీసము 2 శాతము విద్య, వైద్యము, త్రాగునీరు మున్నగు సంఘ ప్రయోజనములకు వెచ్చింపవలెను. తాను పనిచేయు పరిసర ప్రాంతమునకు ప్రాధాన్యమీయవలెనని కూడ చట్టము చెప్పుచున్నది. కేవలము తన ఉద్యోగుల మేలునకు చేసిన ఖర్చు ఈ లెక్కకు రాదు.

ఈ సొమ్మును ఇతర నిధులతో కలిపి చూడరాదు. 2015 నాటి గనుల చట్ట సవరణ ననుసరించి సున్నపురాయి గనుల వారు జిల్లా ఖనిజ ఫౌండేషనుకు చెల్లించునది వేరు. పంచాయతీకి రావలసిన పన్ను వేరు. దుమ్మును అరికట్టు యంత్రములు నెలకొల్పుట కర్మాగారము యొక్క విధి గాని దానము కాదు. కంపెనీ వారు బడికి రెండు గదులు కట్టించి యిచ్చిరి గదా, ఇక దుమ్ము సంగతి ఎట్లడుగుదుమను మొగమాటము సభ్యులకు తగదు.

ఇట్టి సొమ్ము వలన నిజముగా మేలు కలుగునా? 108 అంబులెన్సు సేవ చరిత్ర ఇందుకు మంచి పాఠము. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు గారి కుటుంబము స్థాపించిన సంస్థ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఈ సేవను ప్రారంభించినది. 2009 జనవరి 7న ఆయన తన కంపెనీ లెక్కలలో మోసము జరిగినదని తానే ఒప్పుకొనిరి. దాత పడిపోయినను బండ్లు ఆగలేదు. అప్పటికే నడుపు ఖర్చులో అధికభాగమును ప్రభుత్వము భరించుచుండెను, నిర్వహణను జి.వి.కె. సంస్థ చేపట్టినది. దాత ఒక్కని మీదనే ఆధారపడినచో ఆ సేవ ఏమయ్యెడిదో ఊహింపవచ్చును. లాభములు తగ్గినకొలది 2 శాతమును తగ్గును గనుక, నెలనెలా జీతమీయవలసిన పనిని ఈ సొమ్మునకు ముడివేయుట క్షేమము కాదు.

మన ప్రాంతపు పని నొకదానిని తీసికొందము. పల్నాటి పెక్కు గ్రామములలో భూగర్భజలమున ఫ్లోరైడు అధికము. అది లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించిన నీరు త్రాగుటకు పనికిరాదు. కంపెనీ వారు శుద్ధజల యంత్రము నిచ్చెదమన్న, సంతోషముగా స్వీకరింపవచ్చును. కాని కరెంటు బిల్లు ఎవరు చెల్లింతురు? యంత్రములోని పొర పాడైనచో మార్పించు ఖర్చు ఎవరిది? శుద్ధజలముతో పాటు ఫ్లోరైడు చిక్కబడిన వ్యర్థజలము కూడ వెలువడును. అది చెరువులోనికి గాని బావి దాపునకు గాని పోకుండ ఏర్పాటేమి? శిలాఫలకముపై ఎవరి పేరు ముందుండవలెనను విషయమున జరుగు చర్చలో సగమైనను వీనిపై జరుగుట మేలు. ఈ ప్రశ్నల జవాబులను ఒప్పందపత్రమున వ్రాయించి, తీర్మానముల పుస్తకమున ఎక్కింపవలెను.

కంపెనీ వారి సామాజిక బాధ్యతా సంఘము ఏటేట కార్యప్రణాళిక సిద్ధపరచును. కావున ఏప్రిల్ నెలకు ముందే గ్రామసభ తీర్మానమును, అంచనా పత్రమును జతచేసి విన్నపము పంపవలెను. ఆమోదించిన పనుల వివరములను కంపెనీ తన వెబ్‌సైటులోను, ఖర్చును వార్షిక నివేదికలోను ప్రకటింపవలెను. మన గ్రామము పేర ఎంత ఖర్చు చూపిరో, ఆ పని ఊరిలో ఉన్నదో లేదో సరిచూచి, ఆ వివరమును గ్రామసభలో చదివి వినిపింపవచ్చును.