కర్ణనాదం

చెంపదెబ్బ గట్టిగా తగిలితే 'చెవి గుయ్యిమన్నది' అంటాం. ఆ మోత కొద్దిసేపటికి దానంతట అదే సద్దుమణుగుతుంది. తలకు బలమైన గాయమైనవారిలో కొందరికి మాత్రం అది నెలలు గడిచినా ఆగదు. మోటారు సైకిలు మీది నుంచి పడిన ఒక యువకుణ్ణి ఊహించండి. గాయం మానింది. స్కానింగులో మెదడుకు ఏ హానీ కనబడలేదు. కాని రాత్రి దీపం ఆర్పగానే చెవిలో కీచురాళ్ళ రొద మొదలవుతుంది. పక్కన పడుకొన్న తమ్మునికి అది వినబడదు. "అంతా నీ భ్రమ" అంటారు ఇంటివారు. గాయం కన్న ఆ మాటే అతణ్ణి ఎక్కువగా నొప్పిస్తుంది.

అది భ్రమ కాదు. ఈనాటి వైద్యులు దీనిని టిన్నిటస్ అంటారు. మన ప్రాచీనులకూ ఇది తెలియనిది కాదు. సుశ్రుత సంహిత చెవి రోగాలను 28గా లెక్కించి, చెవిలోని నాదానికి వాటిలో చోటు కల్పించింది.

లోపలి చెవిలో నత్తగుల్ల వలె చుట్టుకొని ఉన్న భాగం కాక్లియా. అందులో సుమారు 15 వేల రోమకణాలు ఉంటాయి. శబ్దతరంగాలకు ఇవి కదలి, ఆ కదలికను విద్యుత్ సంకేతాలుగా మార్చి, శ్రవణనాడి ద్వారా మెదడుకు అందిస్తాయి. తలకు దెబ్బ తగిలినప్పుడు ఎముక విరగకపోయినా, ఆ అదురుకే ఈ సున్నిత కణాలు దెబ్బతినవచ్చు. పక్షులలో ఇవి నశించినా మళ్ళీ పుడతాయి. మనిషికి ఆ భాగ్యం లేదు. సంకేతాలు తగ్గినంత మాత్రాన మెదడు ఊరకుండదు. అందని స్టేషను కోసం రేడియో ధ్వనిని పెంచితే గరగర వినబడినట్లు, మెదడు తన గ్రహణశక్తిని పెంచుకోగా బయట లేని నాదం లోపల పుడుతుందని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. వినికిడి పరీక్షలో కూడ ఒక్కొక్కసారి లోపమేదీ బయటపడదు. అప్పుడు రోగి మాటే ప్రమాణం.

1953లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు చక్కని వినికిడి గల 80 మందిని శబ్దం చొరని గదిలో కూర్చోబెట్టారు. వారిలో నూటికి 94 మందికి ఏదో ఒక ధ్వని వినబడింది! నిశ్శబ్దం ఈ బాధకు మందు కాదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు. నిద్రవేళ పంకా చప్పుడో, సన్నని సంగీతమో ఉంటే నాదం వెనుకకు తగ్గుతుంది. దీనిని పూర్తిగా తుడిచివేసే మాత్ర నేటికీ లేదు. కాని వినికిడి తగ్గినవారికి శ్రవణ యంత్రం, నాదం పట్ల భయాన్ని తగ్గించే మానసిక చికిత్స ఎంతో మేలు చేస్తాయి. వీధిలోని రణగొణధ్వనిని కొన్నాళ్ళకు పట్టించుకోనట్లే, ఈ నాదాన్నీ చాలమంది మెదడు క్రమంగా పక్కకు నెట్టగలుగుతుంది.

అయితే గాయమైన తరువాత చెవి నుంచి రక్తం గాని నీరు వంటి ద్రవం గాని కారినా, వాంతులు, మగత, ముఖం ఒకవైపు వాలడం కనబడినా ఒక్క క్షణం ఆలస్యం చేయరాదు. నాడితో పాటు లయగా కొట్టుకొనే మోత మరీ ప్రమాదకరం. అది కంటి వెనుక రక్తనాళం చిట్లి, ధమని రక్తం సిరలోకి దూకుతున్న చప్పుడు కావచ్చు. ఆ నాదాన్ని మాత్రం కనురెప్ప మీద స్టెతస్కోపు ఆనించి వైద్యుడు కూడ వినగలడు.